ముదిరాక రండి

ఇంగ్లండు వాళ్లకు బొత్తిగా ఆస్పత్రి మర్యాద తెలియదు. రోగి అన్నవాడు డాక్టరు వాకిట్లో పడిగాపులు పడాలి గానీ, స్కానరే బండెక్కి రోగి దగ్గరికి పోవడమేమిటండీ! 2016లో మాంచెస్టర్ పేదపేటల్లో అదే చేశారు. షాపింగ్ సెంటర్ల పక్కన బండి నిలిపి, పొగ అలవాటున్నవాళ్లను కబురుపెట్టి మరీ పిలిచారు. దొరికిన ఊపిరితిత్తుల క్యాన్సర్లలో 80 శాతం దాకా ఇంకా ముదరనివే.

మనకంత తొందర లేదు. ముప్పై దాటితే ప్రభుత్వం నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం చూస్తుంది. ఊపిరితిత్తులు ఇంకా లబ్ధిదారుల జాబితాకెక్కలేదు. ఆధార్ లింకు కాలేదేమో!

తక్కువ రేడియేషన్‌తో సీటీ తీస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గుతాయని 53 వేల పైచిలుకు మందిని పరీక్షించి అమెరికా 2011లోనే తేల్చింది. రోజుకో ప్యాకెట్ చొప్పున ఇరవై ఏళ్లు తాగి యాభై దాటినవాళ్లు రావచ్చని 2021 నుంచి వాళ్ల లెక్క. దాంతో మన శ్రీకాకుళం మామ్మను కొలవండి చూద్దాం. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆవిడ చుట్ట ఎన్ని ప్యాకెట్లకు సమానం? నలభై ఏళ్లు ఊదిన కట్టెల పొయ్యిని ఏ ఖాతాలో రాస్తారు?

ఈ స్కానింగుకు పెద్దలు చెప్పే అడ్డంకి ఒకటి నిజమే. మన దేశంలో క్షయ ఎక్కువ. దాని మచ్చలు స్కాన్‌లో గడ్డల్లా కనిపించి కంగారు పెడతాయి. తమాషా ఏమిటంటే, బీడీ తాగే ముసలాయన దగ్గుతూ వస్తే మాత్రం ఎవరికీ ఏ కంగారూ ఉండదు. తెమడలో క్రిమి కనబడకపోయినా క్షయ మందులు మింగిస్తారు. అవి అయిపోయేసరికి గడ్డ నిశ్చింతగా పెరుగుతుంది. అప్పుడు ఆరోగ్యశ్రీ ఉంది లెండి: ముదిరాక రండి, ఉచితం. ఈలోగా సిగరెట్ ముట్టని సాఫ్ట్‌వేర్ కుర్రాడు మాత్రం ప్యాకేజీలో భాగంగా ఛాతీ స్కాన్ తీయించుకుని, రిపోర్టు వాట్సాప్‌లో పెడతాడు.

పేదవాడి మీద సర్కారుకు ప్రేమ లేదని మాత్రం అనకండి. 2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ బీడీల మీద పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది.

ఇక స్కానరు బండి సంగతి. ఎన్నికలప్పుడు ఎల్ఈడీ తెరల ప్రచార రథం వెళ్లని తండా లేదు. అదే దారిన స్కానరును పంపండయ్యా అంటే, రోడ్డు బాగాలేదట.