యజమాని గారూ, మీ బిల్లు!

శ్రీకాకుళం జిల్లా వెనకబడిందని లెక్కలు రాసేవాళ్లు ఇక్కడి జనం ఆస్తుల్ని సరిగ్గా లెక్కపెట్టినట్టు లేదు. నరసన్నపేట వాసినే తీసుకోండి. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో వాటా ఉంటే దానికి అతనే యజమాని. వీధి దీపాలు పంచాయతీవి, పంచాయతీ ప్రజలది, కనుక దీపాలూ అతనివే. కరెంటిచ్చే ఈపీడీసీఎల్ ప్రభుత్వ సంస్థ, ప్రభుత్వం ప్రజలది, అంచేత విశాఖపట్నంలోని ఆ కార్పొరేట్ ఆఫీసు మేడ కూడా ఒక లెక్కన అతనిదే. ఇంత ఆస్తిపరుడు రాత్రి పూట ఫ్యూజు పోతే లైన్‌మేన్ ఫోనెత్తుతాడో లేదోనని దిగులుపడుతున్నాడంటే, యజమానిగా ఉండటం అంత సుఖమైన ఉద్యోగం కాదన్నమాట. వ్యవసాయ సంఘానికి ఆఖరుసారి ఎన్నికలు జరిగింది 2013లో. ఆ తరవాత గద్దె మీద ఏ పార్టీ ఉన్నా పర్సన్ ఇన్‌చార్జులనీ, త్రిసభ్య కమిటీలనీ పేర్లు పెట్టి తనవాళ్లను కూర్చోబెడుతూనే ఉంది. వీధి దీపాల సంగతి మరీ విచిత్రం. పంచాయతీలకు ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్ని కరెంటు బకాయిల కింద సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కాల్సి వచ్చింది. యజమాని ఖాతాలోంచి యజమానికి తెలియకుండా యజమాని బాకీ తీర్చేయడం కన్నా గొప్ప సేవ ఏముంటుంది?

ఇన్నింటికి యజమాని అయినా నరసన్నపేటకు దక్కని గౌరవం ఒకటుంది. అది సొంత కరెంటు సంఘం. ఆ యోగం శ్రీకాకుళం అవతలి చీపురుపల్లికి పట్టింది. 1979లో విజయనగరం జిల్లా పుట్టేదాకా చీపురుపల్లి కూడా శ్రీకాకుళం జిల్లాదే, కాబట్టి ఇది దాయాదుల ఇంటి ముచ్చటే. చీపురుపల్లి, గరివిడి, గుర్ల, మెరకముడిదాం మండలాల్లో కరెంటు పంచింది గ్రామీణ విద్యుత్ సహకార సంఘం. జనం నోట ఆర్‌ఈసీఎస్. అక్కడ కనెక్షన్ తీసుకున్నవాడు వాటాదారుడు కూడా. నరసన్నపేటలో బిల్లు కడితే ఖర్చు, చీపురుపల్లిలో కడితే సొంత సంస్థకు ఆదాయం. ఖాళీ అయ్యేది అదే జేబు అయినా, అవుతున్నప్పుడు కలిగే గర్వంలో తేడా ఉంటుందని నమ్మాలి.

ఈ ఆలోచన అమెరికా నుంచి వచ్చింది. 1930లలో అక్కడి పట్నాల్లో దాదాపు ప్రతి ఇంటా కరెంటుంటే పల్లెల్లో పదింట ఒక రైతుకు మాత్రమే ఉండేది. దూరదూరంగా ఉన్న పొలాలకు స్తంభాలు వేస్తే గిట్టుబాటు కాదని ప్రైవేటు కంపెనీలు చేతులెత్తేశాయి. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పల్లె విద్యుత్తు కోసం ప్రత్యేక సంస్థ పెట్టి తక్కువ వడ్డీకి అప్పులిచ్చింది. రైతులు తలా ఐదు డాలర్ల సభ్యత్వం కట్టి, సంఘాలుగా ఏర్పడి, తీగలు లాగుకున్నారు. ఇవాళ అక్కడ తొమ్మిది వందలకు కాస్త అటూ ఇటూగా అలాంటి సంఘాలున్నాయి. దేశ భూభాగంలో సగానికి పైగా వాటి తీగల కిందే ఉంది. మన దగ్గర వెంకటప్పయ్య అధ్యక్షతన గ్రామీణ పరపతిని సమీక్షించిన సంఘం సిఫారసుతో 1969 జులై 25న గ్రామీణ విద్యుదీకరణ సంస్థ, అంటే ఆర్‌ఈసీ, పుట్టింది. దాని మొదటి పెట్టుబడిలో పీఎల్ 480 సొమ్ముంది. అమెరికా పంపిన గోధుమలు మనం తిన్నాం, వాటికి మనం కట్టిన రూపాయలు స్తంభాలై మళ్లీ మన ఊళ్లలోనే పాతుకున్నాయి. ప్రయోగానికి దేశంలో ఐదు చోట్లు ఎంచారు: కర్ణాటకలో హుక్కేరి, గుజరాత్‌లో కోడినార్, మహారాష్ట్రలో ముళా ప్రవర, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, మనకు సిరిసిల్ల. సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, జనం నోట సెస్, 1970లో మొదలైంది. తరవాత ఉమ్మడి రాష్ట్రంలో మరికొన్ని వచ్చాయి, కొన్ని విద్యుత్ బోర్డులో కలిసిపోయాయి. చివరికి సిరిసిల్ల, కుప్పం, అనకాపల్లి, చీపురుపల్లి మిగిలాయి.

అయితే ఆ అమెరికా ఆలోచన ఇక్కడ ఓడ దిగేటప్పుడు సరుకులో ఒకటి తగ్గింది. సంఘం వచ్చింది, వాటా వచ్చింది, రసీదు వచ్చింది, ఏటా జరగాల్సిన సర్వసభ్య సమావేశం కూడా కాగితం మీద వచ్చింది. ధర నిర్ణయించుకునే హక్కు మాత్రం రాలేదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో సంఘం పాలకవర్గమే రేటు పెడుతుంది. నచ్చకపోతే సభ్యులు ఆ పాలకవర్గాన్నే మారుస్తారు. మన సంఘాల్లో సర్కారుకూ వాటా ఉంది, కాబట్టి సర్కారుకు మాట ఉంది. నడిపే మేనేజింగ్ డైరెక్టర్ సాధారణంగా విద్యుత్ బోర్డు నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన ఇంజనీరు. కరెంటు టోకున కొనేది పెద్ద సంస్థ దగ్గర, ఆ పెద్ద సంస్థ చెప్పిన చోట. అమ్మే ధర నిర్ణయించేది మొదట ప్రభుత్వం, తరవాత విద్యుత్ నియంత్రణ మండలి. తాళాల గుత్తి కోడలి బొడ్లో దోపి, బీరువాను అత్తగారి గదిలో పెట్టడమంటే ఇదే. పైగా సాయంత్రానికి ఇంటి ఖర్చు లెక్క తేలకపోతే కోడలి చేతివాటం మీద పంచాయితీ.

ఆ లెక్క ఎందుకు తేలదో చూడండి. 2004 మే 14న ముఖ్యమంత్రిగా రాజశేఖర రెడ్డి తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మీద పడింది. అది తప్పో ఒప్పో ఇక్కడ విషయం కాదు. ఆ సంతకంతో సంఘం రైతు మోటారు కరెంటుకు డబ్బు అడిగే హక్కు పోగొట్టుకుంది. ఆ సంతకానికి ముందు సంఘం సభ్యుల్ని అడగాలన్న ఊహ కూడా ఎవరికీ వచ్చినట్టు లేదు. ఆ నష్టాన్ని పూడ్చేందుకు సంఘం కొనే టోకు ధరను మండలి ఏటా ఒక్కో సంఘానికి ఒక్కో రకంగా తగ్గించి కట్టేది. లాభం రాకూడదు, ప్రాణం పోకూడదు, ఆ కొలతతో. అలాంటి సంస్థ బాగా నడిచినా తన ప్రతిభ వల్ల అని చెప్పుకోలేదు, చెడినా తన తప్పే అని ఒప్పుకోనక్కర్లేదు. బాధ్యత ఎవరి మీదా నిలవని ఇల్లు ఎవరు ఊడ్చుతారు? ఉద్యోగాల భర్తీ మీదా, లెక్కల మీదా ఆరోపణలు రావడం ఆశ్చర్యం కాదు, రాకపోతే ఆశ్చర్యం.

ఇక చట్టం మర్యాద చూడండి. 2003 విద్యుత్ చట్టం ఐదో సెక్షన్ పల్లెల్లో కరెంటు పంపిణీని పంచాయతీలకూ, వినియోగదారుల సంఘాలకూ, సహకార సంఘాలకూ అప్పగించే జాతీయ విధానం తయారు చేయాలంటుంది. పదమూడో సెక్షన్ అలాంటి సంఘాలకు లైసెన్సు అవసరం లేకుండా మినహాయింపు ఇవ్వొచ్చంటుంది. ఇవ్వాలంటే ప్రభుత్వం సిఫారసు చేయాలి, మండలి ఒప్పుకోవాలి. సభ్యుల అభిప్రాయం అన్న మాట ఆ సెక్షన్‌లో భూతద్దం పెట్టినా కనిపించదు. ఆ మినహాయింపు నీడలోనే బతుకుతున్న మన సంఘాలకు 2021 మార్చిలో రాష్ట్ర మండలి ఆ నీడ తీసేసింది. అనకాపల్లి, చీపురుపల్లి సంఘాల పరిధిని ఈపీడీసీఎల్ తీసుకోవాలని చెప్పింది. అదే ఏడాది జులైలో ఢిల్లీలో సహకార రంగం కోసమే ఒక కొత్త కేంద్ర మంత్రిత్వ శాఖ పుట్టింది. పురుడూ పాడె ఒకే ఏడాదిలో చూసే అదృష్టం సహకారానికే దక్కింది. చీపురుపల్లి సభ్యుల్లో చాలామందికి తాము యజమానులమన్న సంగతి గట్టిగా వినిపించింది కూడా ఆ యాజమాన్యం పోతోందన్న వార్తతోనే అయి ఉంటుంది.

ఇక్కడ పెద్దమనుషులు గొంతు సవరించుకుంటారు. అసలు సంఘాలన్నీ రాజకీయ నాయకుల బంధువర్గానికి ఉపాధి కేంద్రాలే కదా, పోతే ఏం పోయింది అంటారు. మాటలో నిజముంది, దాన్ని దాటేసి వాదించడం నిజాయితీ కాదు. సిరిసిల్లలో ఎన్నికలు జరుగుతాయి. 2022 డిసెంబరులో సెస్ పాలకవర్గానికి జరిగిన పోరు శాసనసభ ఎన్నికను తలదన్నింది. మరమగ్గాల ఊరికి కరెంటిచ్చే సంస్థ పెత్తనం ఏ పార్టీకి చేదు? ముళా ప్రవర సంఘం ఒక రాజకీయ కుటుంబం నీడలో పెరిగి, బోర్డుకు భారీ బకాయి పడి, 2011లో పంపిణీ బాధ్యతనే పోగొట్టుకుంది. అంటే ఓట్లు ఉన్నంత మాత్రాన సంఘం పవిత్రమైపోదు. అయితే అదే కొలమానంతో ఈపీడీసీఎల్ లాంటి పంపిణీ సంస్థలను, అంటే డిస్కంలను, కొలవండి. వాటి నష్టాలూ ఏటా వార్తలే, వాటి నియామకాలూ బదిలీలూ రాజకీయమే. ఒక సంఘం చెడితే దాన్ని డిస్కంలో కలుపుతారు. డిస్కం చెడితే సర్దుబాటు చార్జీ పేరుతో మన బిల్లులో కలుపుతారు. తేడా అక్కడుంది. డిస్కం మీద అభ్యంతరం ఉంటే ఎవరైనా చెప్పుకోవచ్చు, బహిరంగ విచారణలున్నాయి. మండలి కార్యాలయం ప్రస్తుతం కర్నూలులో ఉంది. నరసన్నపేట నుంచి చూస్తే అది రాష్ట్రానికి ఆ కొస. ప్రజాస్వామ్యంలో దూరాలు పట్టించుకోకూడదు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది, ముఖ్యంగా మన తీరంలో. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. నాలుగు మండలాల సంఘం అలాంటి దెబ్బకు తట్టుకుంటుందా? ఒంటరిగా అయితే తట్టుకోదు. కానీ ఆ తుపానులో డిస్కం కూడా ఒంటరిగా తట్టుకోలేదు. ఇతర జిల్లాల నుంచి మనుషులు, స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు వస్తేనే దీపం వెలిగింది. అమెరికాలో గాలివాన వచ్చినప్పుడు ఒక సంఘం లైన్‌మేన్లు మరో సంఘానికి బండ్లు కట్టుకుని వెళ్తారు, ముందే రాసుకున్న ఒప్పందంతో. తుపాను నాడు కావలసింది పెద్ద చెయ్యి, మామూలు రోజున కావలసింది దగ్గరి చెయ్యి. ఈ రెంటినీ ఒకే సంస్థ బోర్డు కింద కట్టేయాలన్న నియమం ఏ భౌతికశాస్త్రంలోనూ లేదు. పేద దేశాల రైతులకు ఇవన్నీ చేతకావు అనేవాళ్లు బంగ్లాదేశ్ వైపు ఒకసారి చూడొచ్చు. 1977లో పునాది పడిన పల్లీ విద్యుత్ సమితులు అక్కడ ఎనభై దాకా ఉన్నాయి, దేశంలో పల్లె కరెంటు అత్యధికంగా వాటి ద్వారానే వెళ్తుంది. వాటికీ తలనొప్పులు లేకపోలేదు. తలనొప్పి ఉందని తల తీసేయలేదు, అంతే.

సంఘం వల్ల అసలు ఒరిగేది ఏమిటన్న ప్రశ్నకు జవాబు మన జిల్లాలోనే, మోటారు పక్కనే వేలాడుతోంది. ఉచిత విద్యుత్తు సబ్సిడీని రైతు ఖాతాలో వేస్తామంటూ వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టే ప్రయోగాన్ని ఐదారేళ్ల కిందట రాష్ట్రంలో తొలిసారి ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలోనే చేశారు. దాదాపు మూడో వంతు కరెంటు ఆదా అయిందని ప్రభుత్వం చెప్పింది. ఇది మెడకు ఉరితాడని రైతు సంఘాలు అన్నాయి. ఒకే డబ్బాను చూసి ఒకరికి పొదుపు, మరొకరికి ఉరి కనిపించడంలో డబ్బా తప్పేం లేదు. ఎంత వాడుతున్నారో తెలియకుండా ఎంత ఇస్తున్నారో చెప్పలేం. ఆ మాటకొస్తే రైతు పేరు మీద ఎంత నష్టం రాసుకుంటున్నారో కూడా మీటరు లేకుండా తేలదు. ఈ సంగతి రైతుకు తెలియక కాదు భయం. రీడింగు తీసేవాడు, లెక్క కట్టేవాడు, రేపు విధానం మార్చేవాడు అందరూ ఒకే వైపున ఉండటం భయం. తమ ఫీడర్‌లోకి ఎన్ని యూనిట్లు దిగాయి, ఎన్నింటికి డబ్బు వచ్చింది, ఎన్ని దారిలో మాయమయ్యాయి అన్న మూడు అంకెలు ఊళ్లో గోడ మీద నెలనెలా రాసి, అడిగినవాడికి జవాబు చెప్పే మనిషిని ఊరే ఎన్నుకుంటే, ఆ మీటరుకు ఇంత చెడ్డ పేరు వచ్చేది కాదు. కరెంటు సంఘం అమ్మే సరుకు కరెంటు కాదు, అది గ్రిడ్‌లో ఎలాగూ దొరుకుతుంది. లెక్క మీద నమ్మకం మాత్రం గ్రిడ్‌లో దొరకదు. దానికోసమే సంఘం పెట్టుకోవాలి, అది ఇవ్వలేకపోతే సంఘం ఉండీ లేనట్టే. మన సంఘాలకు ఆ సరుకు తయారు చేసే అవకాశం ఇవ్వకుండా, గోదాము ఖాళీగా ఉందని మూసేశారు.

ఇప్పుడు మళ్లీ కొత్త పెళ్లిచూపులు మొదలయ్యాయి. ఈసారి వరుడు సూర్యుడు. పొలాల్లో సౌర మోటార్ల కోసం పీఎం కుసుమ్ ఉంది, ఇంటి కప్పుల మీద పలకల కోసం 2024లో వచ్చిన సూర్య ఘర్ ఉంది. గుజరాత్‌లో ధుండీ అనే ఊళ్లో 2016లో ఆరుగురు రైతులు సౌర మోటార్ల సంఘం పెట్టుకుని మిగిలిన కరెంటును డిస్కంకే అమ్మారు. ఆరుగురే అయినా ధర ఒప్పందంలో రాసుకున్నారు, అందుకే ఆ పేరు అంత దూరం వినపడింది. రేపో మాపో నరసన్నపేట మండలంలోనూ ఎవరో ఒక అధికారి వచ్చి, మీ సత్యవరం, మీ ఉర్లాం మీరే వెలిగించుకోండి, వాటా కట్టండి, మీరే యజమానులు అంటాడు. అప్పుడు రైతు అడగవలసిన మాటలు పెద్దవేం కావు. యూనిట్‌కు నా సంఘం ఎంతకు కొంటుంది, ఎంతకు అమ్ముతుంది, ఆ అంకె ఎవరు రాస్తారు? మీరు ఎన్నికల ముందు ఏదైనా ఉచితమంటే ఆ డబ్బు మా సంఘానికి ఏ తారీఖుకల్లా వస్తుంది, రాకపోతే వడ్డీ ఎంత? మా పాలకవర్గాన్ని మీరు రద్దు చేయాలనుకుంటే ముందు మా ఓటు అడుగుతారా? అధికారి నవ్వి, అవన్నీ తరవాత చూద్దాం, ముందు ఆధార్ జిరాక్స్ ఇవ్వండి అన్నాడనుకోండి, వాటా డబ్బును ఇంకొన్నాళ్లు జేబులోనే ఉంచుకోవడం మేలు.