బొమ్మను తగ్గించండి, డీవీడీ ఆడుతుంది

2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు సిరోంచ ఘాట్ల దగ్గరా, అవతల కాళేశ్వరంలోనూ తీసిన వీడియోలు చాలా ఇళ్ళలో ఇంకా ఫోన్లలోనే ఉండిపోయాయి. అమ్మమ్మకు ఆ చిన్న తెర మీద తన మనుషులు ఆనరు. ఆమెకు చేతనైంది టీవీ కింద ఉన్న డీవీడీ ప్లేయరే. ఆమె కోసం నేను చెప్పే సలహాలు తలకిందులుగా తోస్తాయి. అయినా పాటించండి.

మొదట బొమ్మ నాణ్యత తగ్గించండి. ఫోను 4కేలో తీస్తే అడ్డం 3840, నిలువు 2160 చుక్కలు. 1996లో మార్కెట్లోకి వచ్చిన డీవీడీకి, మన పాల్ పద్ధతిలో, తెలిసింది 720 బై 576 మాత్రమే, అదీ ఎంపెగ్-2లో. ఎంపీ4 ఫైలును అలాగే డిస్కు మీదికి ఎక్కిస్తే మామూలు ప్లేయరు చదవదు. పేరు చివర అక్షరాలు మార్చినా లోపలి సరుకు మారదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో పాల్ డీవీడీ అమరిక సిద్ధంగా ఉంది. డీవీడీస్టైలర్ అయితే మెనూ కూడా కట్టిస్తుంది. రెండూ ఉచితమే.

వేగమూ తగ్గించాలి. ఫోను సెకనుకు సుమారు 30 ఫ్రేములు తీస్తుంది, అదీ ఒక్కోచోట హెచ్చుతగ్గులతో. దాన్ని నిలకడగా 25కు తెండి. ఇది వదిలేస్తే మంత్రం ఒకచోట, పంతులుగారి పెదవులు ఒకచోట. ఆ పొరపాటు నాకు అస్సలు సహించదు, ఎందుకంటే పెద్దవాళ్ళు చూసేది మనిషి ముఖమే. ధ్వనిని 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టండి.

నిలువుగా తీసిన వీడియోను తెర నింపడానికి కత్తిరించకండి. పక్కల నల్లగా ఉంటే ఉండనివ్వండి. కత్తిరిస్తే పోయేది తలో, నీళ్ళో. పాత పెట్టె టీవీలు అంచులను ఎలాగూ కొంత మింగేస్తాయి. అందుకే పేర్లు, తేదీలు అంచుకు దూరంగా వేయండి. తెలుగు అక్షరాలను సబ్‌టైటిల్ ఫైలుగా నమ్ముకోవద్దు. ఆ ప్లేయర్లలో చాలావాటికి తెలుగు రాదు. బొమ్మలోనే కలిపేయండి. మరాఠీ చుట్టాలుంటే ఆ పేర్లూ అలాగే.

4.7 జీబీ డిస్కు నిండా ఐదారు గంటలు కుక్కకండి. గంటకు మించకపోతే సెకనుకు 8 మెగాబిట్లు ఇవ్వవచ్చు, రెండు గంటలైతే 5కు దిగాలి. అంతకు మించితే రెండో డిస్కు కొనండి. రాసేటప్పుడు 4ఎక్స్ వేగం చాలు. చివర్లో ఫైనలైజ్ చేయడం మరిచిపోతే, రాసిన కంప్యూటరులో ఆడిన డిస్కు ఇంట్లో ఆడకపోవచ్చు. బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ మీదే రాయండి. మధ్యలో కరెంటు పోతే డిస్కు దండగ.

ఫోనులోని అసలు ఫైలును మాత్రం చెరపకండి. తగ్గించిన బొమ్మ మళ్ళీ పెరగదు, ప్రాణహితకు పుష్కరాలు మళ్ళీ వచ్చేది 2034లో. డిస్కు మీద స్టిక్కరు అంటించకుండా మెత్తని మార్కరుతో పేరు రాసి ఇవ్వండి.