నేను కోడెక్ చిప్‌ని

కంప్యూటర్ మదర్‌బోర్డు మీద, జాక్‌ల పక్కనే ఉండే కోడెక్ చిప్‌ని నేను. జాక్‌లో గుచ్చిన మైకు మాట లోపలికి వెళ్లేది నా గుండానే. మా పెద్దలు 1997 నాటి ఏసీ'97 పద్ధతివాళ్లు. నేను 2004లో ఇంటెల్ తెచ్చిన హెచ్‌డీ ఆడియో తరానికి చెందినదాన్ని.

మైకు పంపే సన్నని విద్యుత్ తరంగాన్ని సెకనుకు 48,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతనూ 16 బిట్ల అంకెగా మారుస్తాను. రెండు చానెళ్లయితే సెకనుకు 1,92,000 బైట్లు. వాటిని కంట్రోలర్ అందుకుని మెమరీలో పెడుతుంది.

ఇంత చేసినా ‘రికార్డింగ్‌లో ఏమీ వినపడట్లేదు’ అనే మాట తరచూ పడుతుంటాను. లినక్స్‌లో మమ్మల్ని పిలిచే తీరు చూస్తే కారణం తెలుస్తుంది. అక్కడ ఆల్సా అనే వ్యవస్థ సున్నా నుంచి మొదలుపెట్టి మాకు కార్డు నంబర్లు ఇస్తుంది. ఒక్కో కార్డులో మళ్లీ డివైస్ నంబర్లు. కార్డు వీధి అనుకుంటే, డివైస్ ఇంటి నంబరు. యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌లో మైకు ఉంటే అది వేరే కార్డు. హెచ్‌డీఎంఐ పేరు కూడా కార్డుల జాబితాలో కనిపించవచ్చు, కానీ దాని పని శబ్దాన్ని బయటికి పంపడమే. పైగా కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసినప్పుడు ఈ నంబర్లు తారుమారు కావచ్చు. అందుకే కార్డును పేరుతో పిలవడం మేలు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. డివైస్ అంటే జాక్ కాదు. ఆ నంబరు నాలో తరంగాన్ని అంకెలుగా మార్చే భాగానిది. గులాబీ రంగు మైకు జాక్, నీలం రంగు లైన్-ఇన్, ముందు ప్యానెల్ మైకు, మూడూ ఆ ఒక్క భాగానికే చేరవచ్చు. ఏది వినాలో మిక్సర్‌లో మీరు ఎంచాలి. నా ఏ పిన్నుకు ఏ జాక్ కలిపారో కూడా నాకు పుట్టుకతో తెలియదు. బోర్డు తయారుచేసినవాళ్లు ఆ వివరం బయోస్‌లో రాస్తారు, డ్రైవర్ దాన్ని చదివి జాక్‌లకు పేర్లు పెడుతుంది. ఆ రాత తప్పైతే, మంచి మైకు గుచ్చినా ఫైల్‌లో నిశ్శబ్దమే మిగులుతుంది.

కాబట్టి మైకు మార్చేముందు నా దారి ఒకసారి సరిచూడండి. ‘ఎరికార్డ్ -ఎల్’ (arecord -l) అనే ఆదేశం ఇచ్చే జాబితాలో కార్డునూ డివైస్‌నూ గుర్తించండి, మిక్సర్‌లో సరైన జాక్‌ను ఎంచండి, క్యాప్చర్ మ్యూట్‌లో ఉందేమో చూడండి. ఇంట్లో పెద్దవాళ్ల చేత పాట పాడించే ముందు పది సెకన్లు రికార్డు చేసి వినండి. వాళ్లను రెండోసారి శ్రమపెట్టే అవసరం రాకూడదనే నా కోరిక.