ఆఫీసుకూ పెట్టండి ఒక సదరం శిబిరం

చిత్తూరు పల్లెల్లో కొడుకు అంగడికి పోయి చిల్లర తప్పులేకుండా తెస్తే ఏ తల్లయినా మురిసిపోతుంది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లోడి తల్లికి మాత్రం గుండె గుభేలుమంటుంది, నెలకు వచ్చే 6,000 రూపాయల పింఛను పోతుందేమోనని.

లెక్క అట్లుంది మరి. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో, వైన్‌ల్యాండ్ సాంఘిక పరిణతి పరీక్షలో 55 నుంచి 69 దాకా వస్తే వైకల్యం 50 శాతం. 70కి చేరితే 25. పింఛనుకు కావాల్సింది 40. బిడ్డకు తెలివొచ్చే కొద్దీ ఇంటికి నష్టం. అందుకే వైకల్యం కొలిచే సదరం శిబిరానికి పోయే బస్సులోనే కోచింగు మొదలు: "సారు ఏమడిగినా తెలీదను నాయినా. ఆవుకు కాళ్లెన్ని అంటే పైకి జూడు." రోజూ రెండు పూటలా ఆవు పాలు పితికే పిల్లోడికి ఇంతకంటే కష్టమైన పరీక్ష ఉంటుందా! పుట్టుకతో వచ్చింది మధ్యలో నయమైపోయిందేమోనని 2025లో సర్కారు మళ్లీ తనిఖీలకు పిలిచింది కూడా.

అమెరికాలో షాలక్ అనే పెద్దమనిషి జీవన నాణ్యతను ఎనిమిది పాళ్లు చేశాడు. అయినవాళ్లతో చుట్టరికం, హక్కులు, తన ఇష్టం చెల్లడం, ఇట్లాంటివన్నీ అందులో ఉన్నాయి. మన సదరం సర్టిఫికెట్‌కు ఇవేవీ పట్టవు, దానికి శాతం ఒక్కటే చాలు. తిరుపతి గంగజాతరలో వేషం కట్టి, ఎదురైన వాళ్లందర్నీ నోరారా తిట్టి, ఇంటికొచ్చి కంటినిండా నిద్రపోయిన పిల్లోడి సంబరం ఎంత శాతమో ఏ డాక్టరు రాస్తాడు? ఆ రోజు వాడి ఐక్యూ ఎవరూ అడగలేదు. తిట్లు తిన్నవాళ్లు దండం పెట్టి మరీ పోయారు.

వైన్‌ల్యాండ్ లాంటి ఇంత మంచి కొలబద్ద చేతిలో ఉంది కదా, ఒకసారి ఆఫీసుకూ పెట్టి చూద్దాం. (ఆఫీసు పక్కన నిలబెట్టినందుకు పిల్లోళ్లు మన్నించాలి.) గడియారం చూసి టైము చెప్పగలదా? పదికి రమ్మని మూడుకు తలుపు తీసింది. చెప్పింది గుర్తుంటుందా? ఆధార్ జిరాక్సు మళ్లీ అడిగింది. తోడు లేకుండా ఊళ్లో తిరగగలదా? జీవో చెయ్యి పట్టుకోనిదే గడప దాటదు. డబ్బు చేతికిస్తే నమ్మొచ్చా? ఈ ప్రశ్న వదిలేద్దాం.

మొత్తం మార్కులు 20 లోపే. అంటే వైకల్యం నూటికి నూరు శాతం. మంచం దిగలేని వాళ్లకిచ్చే 15,000 పింఛనుకు ఆఫీసు అన్ని విధాలా అర్హురాలు. సంతకం పెట్టాల్సిన సారే సెలవులో ఉన్నారంట. మంగళవారం రమ్మన్నారు, జిరాక్సులతో.