చేతులు మారిన మారుతి

నా జన్మస్థానము హర్యానా రాష్ట్రమందలి గుర్‌గావ్, జన్మసంవత్సరము 1999. 1983 డిసెంబరు 14వ తేదీన ఆనాటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీ తొలికారు తాళపుచెవులను ఒక ఢిల్లీవాసి చేతిలో పెట్టిననాటినుండి, అంబాసిడరు గాంభీర్యమునకును ఫియటు వయ్యారమునకును అలవాటుపడిన ఈ దేశపు రహదారులపై, మధ్యతరగతి గృహస్థుడు వానకు తడియక, ఎండకు వాడక, సకుటుంబముగా స్వంతవాహనమున సంచరింపగల యోగమును ప్రసాదించిన మారుతి 800 వంశమున నేను పుట్టితిని. మూడు సిలిండర్లు, 796 సీసీల ఇంజను, 12 అంగుళముల చక్రములు, సుమారు 650 కిలోల దేహము: ఇంతకు మించిన వైభవము మాకు లేదు. మమ్ము ఇంతకు మించి అడిగినవారును ఆ రోజులలో లేరు.

బెజవాడలో నన్ను కొనినవారు బందరు కళాశాలలో తెలుగు చెప్పు మాస్టారు. ఇంద్రకీలాద్రి క్రింద పూజ చేయించి, చక్రముల క్రింద నిమ్మకాయలు తొక్కించి నన్ను ఇల్లు చేర్చినపిమ్మట బంధువులు నా నంబరును కూడి చూచి, ఎనిమిది వచ్చుచున్నదని, అది శనిసంఖ్యయని మొగము ముడిచిరి. మాస్టారు నవ్వి, “అష్టదిగ్గజాలున్నారు, అష్టావధానముంది, ఎనిమిదికేం లోటోయ్!” అనిరి. బందరునుండి బెజవాడకు పోవు దారిపొడవునను ఆయన స్టీరింగు పట్టుకొని పెద్దన పద్యములు చదువుచుండగా వినుటయే నా విద్యాభ్యాసము. నా మాటలలో పాఠకునికి కొంత ప్రాచీనగంధము తోచినచో, అది ఆ శిష్యరికపు ఫలమని క్షమింపవలెను. ఆ ఊరు నాకు పద్యములతోపాటు తుప్పును కూడ ప్రసాదించెను. సముద్రపు ఉప్పుగాలికి రేకు ఎంత త్వరగా లొంగునో బందరులో కారు నిలిపినవారికి చెప్పనక్కరలేదు.

2007లో కూతురి వివాహము నిశ్చయమైనందున మాస్టారు నన్ను అమ్మజూపిరి. ఆ విద్యలో ఆయనకు అక్షరాభ్యాసమైనను జరుగలేదు. వేపచెట్టు క్రింద పక్షిరెట్టలతో, వాడిన పూలదండతో, చార్జి దిగిపోయిన బ్యాటరీతో నన్ను నిలిపి, చూడవచ్చినవారికి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, అటుపిమ్మట ఎడమప్రక్క ఫ్లోరునకు పట్టిన తుప్పును, మూడవ గేరు పడునప్పటి మూల్గును, తెల్లవారుజామున స్టార్టు చేసినపుడు నేను విడుచు నీలిపొగను సవిస్తరముగా వ్యాఖ్యానించెడివారు. సత్యమే చెప్పిరి, కాని ఆ సత్యమునకు స్నానము చేయింపలేదు. వచ్చినవారు నీళ్లు త్రాగి వెడలిపోయిరి. అదియునుగాక అది ఆషాఢము. శూన్యమాసమున వాహనము కొనుటకు మనవారు ఇష్టపడరు. అది ఎరిగిన వర్తకులు ఆషాఢమున చవుకగా కొని, శ్రావణమున లక్ష్మీపూజలవేళ అమ్ముదురు. పాతకార్ల వ్యాపారమున లాభము అమ్మునపుడు కాదు, కొనునపుడే పుట్టునని ఆ వృత్తిలోనివారు చెప్పుకొను మాటకు నేనే నిదర్శనము.

అట్లు వచ్చిన బెజవాడ బ్రోకరు నా చుట్టు ఒకమారు తిరిగి, “ఎనిమిది నంబరండీ మాస్టారూ, రేపు నేనెవరికి అంటగట్టాలి చెప్పండి? అరవై రెండు వేలు. అదీ మీరు కాబట్టి” అనెను. విద్యార్థి అరసున్న విడిచినచో ఎఱ్ఱసిరాతో చుట్టు గీయు మాస్టారు, ఒక్క అక్షరమైనను నింపని 29వ ఫారముమీదను, 30వ ఫారముమీదను చదువకయే సంతకములు చేసి ఇచ్చిరి. ఆ ఖాళీ కాగితముల కథ తరువాత చెప్పుదును.

రేకులకుప్పగా వచ్చిన లారీని రూపముగల లారీగా నిలుపగల పనివారలున్న బెజవాడ ఆటోనగరు నైపుణ్యమును తక్కువచేసి మాటాడుటకు నాకు నోరు రాదు. నన్ను చేర్చిన షెడ్డు వేరొకచోట ఉండెను. దాని పేరు చెప్పను. అక్కడ నాకు జరిగిన అలంకారము మాత్రము వివరముగా చెప్పదగినది. తుప్పుపట్టిన రేకును కోసి క్రొత్తరేకు వెల్డింగు చేయుట ధర్మము. అందుకు రోజులును రూకలును పట్టును. కావున చిల్లులమీద ఫైబరుగుడ్డ అంటించి, దానిపై లప్పము దట్టముగా మెత్తి, వాటరుపేపరుతో నునుపుచేసి, ఒళ్లంతయు తెల్లరంగు కొట్టిరి. ఆ తొందరలో తలుపుల బీడింగురబ్బరుమీదను రంగు తుంపరలు పడెను. చూడనేర్చినవాడు ఆ తుంపరలనుబట్టియే కారు చరిత్ర చదువును, చూడనేర్చినవారు ఎందరు? అడుగుభాగమునకు నల్లరంగు పూసి, ఆపై పాత ఇంజనాయిలు చిమ్మిరి. అరిగి బోడియైన టైర్లకు వేడికత్తితో గాళ్లు కోసి నల్లపాలిషు పెట్టిరి. తక్కిన మాయలు రంగుకు సంబంధించినవి. ఇది ప్రాణమునకు సంబంధించినది. అట్లు కోసిన టైరు ఎండాకాలపు రహదారిపై ఎప్పుడు పగులునో ఎవ్వరును చెప్పజాలరు.

ఇంజనును డీజిలుతో కడిగి, కారుచున్న చోట్ల జాడలు తుడిచి, పొగ తగ్గుటకై చిక్కని ఆయిలు పోసిరి. చిక్కని ఆయిలు అరిగిన రింగులను బాగుచేయదు. కొన్నిదినములు మాటాడనీయక నోరు నొక్కిపట్టును, అంతే. తరువాత మీటరు విప్పిరి. లక్ష దాటి తిరిగిన నా ఆయుర్దాయము ఒక పిల్లవాని స్క్రూడ్రైవరు మొనకు లోబడి నలుబదియారు వేలయ్యెను. అయినను మీటరు తగ్గినంతమాత్రమున వయస్సు తగ్గదు: బ్రేకు పెడలు రబ్బరు నున్నబడియుండును, డ్రైవరు సీటు స్పాంజి ఒకప్రక్కకు క్రుంగియుండును, స్టీరింగు చక్రము మాస్టారి అరచేతుల రాపిడికి మెరయుచుండును. ఆ షెడ్డువారు అదియు ఎరుగుదురు. పెడళ్లకు క్రొత్త రబ్బర్లు, సీట్లకు క్రొత్త కవర్లు, స్టీరింగునకు తోలుతొడుగు వచ్చెను. వేరొక కారు బ్యాటరీ నాలో చేరెను. అమ్మకము కాగానే అది తన ఇంటికి తాను పోయెను. తుప్పువాసన తెలియకుండ మల్లెపూవు సెంటు చల్లిరి.

కడుగుట, తుడుచుట, పాలిషు పట్టుట మోసమని నేననను. వస్తువును శుభ్రపరచి చూపుట చూడవచ్చినవానియెడ మర్యాద. మాస్టారికి ఆ మర్యాద తెలియకనే పదివేలైనను పోగొట్టుకొనిరి. కాని కొనువాడు ఏమి చూడవలయునో దానిని కనబడకుండ చేయుట మర్యాద కాదు. ఆ షెడ్డులో ఈ రెండును ఒకే బకెట్టులో కలిసియుండెను.

శ్రావణమాసపు సాయంకాలమున, ట్యూబులైట్ల వెలుగులో, తెనాలి బట్టలకొట్టు యువకుడొకడు మేనమామను వెంటబెట్టుకొని వచ్చెను. పగటివెలుగులో రంగుతేడా తెలియును గనుక అమ్మకములు సాయంకాలము పెట్టుకొందురు. నన్ను అప్పటికే అరగంటసేపు త్రిప్పి వేడిచేసియుంచిరి. “ఇప్పుడే చుట్టాలొస్తే స్టేషన్‌కెళ్లొచ్చానండీ. బందరు డాక్టరుగారి కారు, సింగిల్ హ్యాండు” అని బ్రోకరు పలికెను. తెలుగు మాస్టారు ఒక్క రాత్రిలో వైద్యులైరి. మేనమామకు ధాన్యపు నాణ్యము తెలియునేమో గాని కారు సంగతి తెలియదు. నా టైరును చెప్పుకాలితో తన్ని, “గట్టిగానే ఉందిరా అల్లుడూ” అనెను. అరవైరెండు వేలకు కొని, పదునాలుగు వేలు ఖర్చుపెట్టిన నన్ను ఒక లక్షా ఐదువేలకు అమ్మిరి.

మొదటి పెద్దవానకు ఫ్లోరు లప్పము పెచ్చులూడెను. చిక్కని ఆయిలు మార్చిన వెంటనే నీలిపొగ మరల వచ్చెను. తెనాలి మెకానిక్కు ఇంజను నడుచుచుండగా ఆయిలుమూత తెరచి, అందుండి ఊపిరివలె వెడలు ఆవిరిని చూపి, “బోరుకొచ్చింది బాబూ” అనెను. యువకుడు బ్రోకరువద్దకు పోగా, “అప్పుడు బాగానే ఉంది కదండీ, వాడకంలో వస్తాయివన్నీ” అను సమాధానము లభించెను.

ఇక ఆ ఖాళీ ఫారములు. కారు చేతులు మారినచో అమ్మినవాడు 14 దినములలోపల, కొనినవాడు 30 దినములలోపల రవాణాశాఖకు తెలుపవలెనని 1988 మోటారు వాహనముల చట్టము విధించుచున్నది. బ్రోకరులు తమ పేర రిజిస్టరు చేయించుకొనక, సంతకము చేసిన ఖాళీ ఫారములను జేబులో నుంచుకొని, తుది బేరము కుదిరినపుడు ఆ పేరు వ్రాయుదురు. ఒక్కొక్కప్పుడు అదియును వ్రాయరు. అందువలన నేను తెనాలి వీధులలో తిరిగిన కాలములో సగము, చట్టము దృష్టిలో బందరు మాస్టారి కారునే. ఆ నడుమ నేను ఎవరినైనను గ్రుద్దియుండినచో నష్టపరిహారపు నోటీసు, పెండ్లి అప్పులు తీర్చుకొనుచున్న ఆ పెద్దమనిషి గుమ్మమునకే పోయియుండును. రికార్డులో పేరున్నవాడే యజమాని, బాధ్యత అతనిదే యని 2018లో సర్వోన్నత న్యాయస్థానము కూడ ఒక తీర్పున స్పష్టపరచెను. ఆ వ్యాజ్యములోని కారు అప్పటికి ఎన్నో చేతులు మారియుండెను.

తెనాలి యువకుడు నన్ను ద్వేషింపలేదు. బోరు చేయించి, బిల్లు దాచి, ఏండ్లతరబడి చీరలమూటలు మోయించెను. 2014 జనవరిలో గుర్‌గావ్‌లో మా వంశపు ఉత్పత్తి ఆగిపోయెను. ఆ యేడే నా పదునైదేండ్ల రిజిస్ట్రేషను ముగియవచ్చెను. ఆఫీసు వరండాలలో నిలువబడు ఓపికలేక అతడు నన్ను ఇరువదివేలకు గుంటూరు సాయిబుగారికి ఇచ్చివేసెను.

ఈ సాయిబుగారు పూర్వము మెకానిక్కు. ఆయన నన్ను కొనిన మరునాటి ఉదయమున, ఎవ్వరును ముట్టకముందు స్టార్టుచేసి వెనుక నిలిచి పొగ చూచెను. గుడ్డలో చుట్టిన అయస్కాంతమును నా దేహమంతటను జరిపి, అది అంటని చోటనెల్ల సుద్దతో గుర్తుపెట్టెను. లప్పము క్రింద రేకున్నదో లేదో అయస్కాంతము మొగమోటము లేక చెప్పును. ఫ్లోరులోని ఆ పాత పూతను పెకలించి, తుప్పు కోసి, క్రొత్తరేకు అతికించి, దానిపై ప్రైమరు మాత్రము పూసి విడిచెను. పనిపిల్లవాడు నల్లరంగు తేబోగా, “వద్దురా, మ్యాటెత్తితే అతుకు కనపడాల” అనెను. ఒళ్లంతయు రంగు కొట్టించలేదు. రంగు క్రొత్తదైనచో ఏమి దాచినారోయని అనుమానము పుట్టును, గీతలున్న రంగు నమ్మకము పుట్టించునని ఆయన మతము. రెండు క్రొత్త టైర్లు, బ్రేకుషూలు, వైపరు బ్లేడులు, వెలుగని బల్బులు, ఎండలో ఆరవేసిన మ్యాట్లు, జాకీ, స్పానరు: కొనువాని చేయి మొదట తగులు వస్తువులన్నియు సరిగా నుండునట్లు చూచెను. అన్నింటికంటె ముఖ్యముగా 25వ ఫారము పెట్టి, ఇన్‌స్పెక్టరుకు నన్ను చూపి, హరితపన్ను కట్టి, ఐదేండ్లకు రిజిస్ట్రేషను పునరుద్ధరింపజేసెను. ఇంజను చెడినచో మెకానిక్కు ఉన్నాడను ధైర్యముండును గాని, కాగితములు చెడినచో ఎవరున్నారు? తెనాలి యువకుడు తప్పించుకొనిన ఆ వరండాలోనే సాయిబుగారి లాభములో అధికభాగము దొరికెను.

దసరాకు ముందు నన్ను ఎండలో నిలిపి, ముందరి అద్దమునకు తెల్లకాగితమొకటి అంటించెను. ఫ్లోరు అతుకు, మూడవ గేరు మూల్గు, బోరు చేయించిన బిల్లు, “మీటరు నమ్మవద్దు” అను హెచ్చరిక, చివర నలుబదిరెండు వేల ధర అందు వ్రాసియుండెను. చూడవచ్చిన పంతులమ్మగారు అది చదివి, “ఏమండీ, ఇన్ని లోపాలు మీరే రాసిపెడితే ఎవరు కొంటారు?” అనిరి. “అమ్మా, మీరు బేరంలో తీసే వంకలన్నీ ముందే రాసేశాను. ఇక మిగిలింది రేటే” అని ఆయన నవ్వెను. నిజమే, వంక పెట్టుటకు ఆమెకు ఆయుధమేదియు మిగులలేదు. ఎనిమిది నంబరని ఒక్కమాట అనిచూచి, వెయ్యి రూపాయలు తగ్గించుకొని కొనుక్కొనిరి. పదునొకండు వేల ఖర్చుపోను సాయిబుగారికి మిగిలినది పదివేలు. లెక్క దాచను, బ్రోకరునకు మిగిలినది దానికి దాదాపు మూడింతలు. అయితే తెనాలినుండి ఆ షెడ్డుకు మరల ఎవ్వరును పోలేదు. పంతులమ్మగారి మాటపై ఆ పాఠశాలనుండియే మరి ఇద్దరు గుంటూరు సాయిబుగారి గుమ్మము త్రొక్కిరి.

ఆమె నామీదనే డ్రైవింగు నేర్చిరి. నా కుడిప్రక్క రేకుమీది నొక్కు ఆ నాటిది. 2019లోను 2024లోను రిజిస్ట్రేషను పొడిగించిరి. ఇప్పుడు ఉద్యోగవిరమణ చేసి కొడుకువద్దకు హైదరాబాదు పోవుచున్నారు. రాష్ట్రము మారినందున ఎన్‌ఓసీ తీసికొని, అక్కడ మరల పన్నుకట్టి, ఈ వయసులో నన్ను వెంట తీసికొనిపోవుట లాభసాటి కాదు గనుక మరల అమ్మజూపుచున్నారు. సాయిబుగారి కాగితమునకు ఆమె తన చేవ్రాతతో రెండు పంక్తులు చేర్చిరి: ఏసీ లేదు; రెండవ తాళపుచెవి పోయినది. కొనదలచినవారు ఉదయము ఏడు గంటలలోపల రండు. అప్పటికి ఇంజనును ఎవ్వరును ముట్టియుండరు. అయస్కాంతము, కారు తెలిసిన మనిషి మీవెంట నుండుట మంచిది. ఫారములలో మీ పేరు నింపనిదే ఆమె సంతకము చేయరు. ధర విషయమున పెద్దగా దిగరు.