“పుస్తకము మూసి చెప్పరా” – సటీకాతాత్పర్యము

మూలము: పుస్తకము మూసి చెప్పరా!

అవతారిక: మరునాడు పరీక్ష యనగా, మనుచరిత్రమునందలి ప్రవరుని కథను పదునారుసార్లు చదివితిననియు, ఎర్రసిరాతో గీత గీయని పంక్తి యొక్కటియు మిగులలేదనియు గర్వించి వచ్చిన శిష్యునితో తెలుగు పండితుడొకడు పలికిన వాక్యమిది.

టీక: పుస్తకము = పాఠ్యగ్రంథము; గైడు అని కొందరు, అది గ్రాహ్యము కాదు, దానిని మూయుటకు విధివాక్య మక్కరలేదు, నిద్రయే మూయించును. మూసి = క్త్వార్థకము; మూయుట మున్ను, చెప్పుట పిదప అని భావము; పుటల నడుమ వ్రేలుంచి మూయుట మూయుట కాదు. చెప్పు = పలుకుము; పాదరక్ష యను అర్థ మిచట అప్రస్తుతము, శిష్యుడు పలుకలేనిచో ప్రస్తుతము కావచ్చును. రా = సంబుద్ధి.

తాత్పర్యము: తెరచి చదువుచుండగా అంతయు తెలిసినట్లే యుండునుగదా, మూయనేల యందురేని, కన్ను ఆనవాలు పట్టినదానినెల్ల నోరు తనంత తెచ్చుకొనజాలదు గనుక. ఇందులకు ఆ ప్రవరుడే నిదర్శనము: సిద్ధుడొసగిన పసరు పాదములకు పూసికొని హిమాలయమునకు పోగలిగెను గాని, మంచు సోకి ఆ లేపము కరగినంతనే ఇల్లు చేరు దారి లేక నిలిచెను. గైడులోని తాత్పర్యమును అట్టి ఎరువు పసరే. పరీక్ష గది గడప దాటగనే కరగును. కావున మన పూర్వులు ఖండాన్వయ మనెడి త్రోవలో పద్యమునందలి క్రియను ముందు పట్టుకొని, ఎవడు, దేనిని, ఎట్టివాడై, ఎందులకు అని వరుసగా ప్రశ్నించినట్లే, శిష్యుడును తెల్లకాగితముపై తన్ను తాను ప్రశ్నించుకొని, వ్రాసి, పిమ్మట గ్రంథము తెరచి లోపములు దిద్దుకొని, రెండు దినములకొకమారు, వారమునకొకమారు మరల మూసి వ్రాయవలెను.

విశేషము: ఉత్పలమాలకు గణములు భ ర న భ భ ర వ అని జపించుటకంటె పద్యమును స్వయముగా గురులఘువులుగా విడదీయుట మేలు. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులు చేసిన చంపకమాలయగును. అక్షరములు 20 పోయి 21, యతిస్థానము 10 పోయి 11. ఇది కనిపెట్టినవానికి ఒకటి నేర్చిన రెండు వచ్చును. సందర్భసహిత వ్యాఖ్య యడిగినచోట అష్టదిగ్గజముల నందరిని ఊరేగించుట మాత్రము వలదు. మూలమున లేనిదియు అక్కరలేనిదియు వ్రాయనని ప్రతిన పూనిన మల్లినాథసూరికి ఈ విషయమున శిష్యులు తక్కువ.

పాఠాంతరము: “చెప్ప రా” అని విడదీసి, ఒరులకు చెప్పుటకై రమ్ము అని కొందరు. గోడకు చెప్పినను కొంత ఫలము కలదు గాని గోడ ఎదురు ప్రశ్న వేయదు. ఈ పాఠము నంగీకరించిన మన శిష్యుడు ఆ రాత్రి వంటయింట అమ్మమ్మ యొద్ద కూర్చుండి కథ చెప్పగా, ఆమె చిక్కుడుకాయలు ఒలుచుచునే, “దూరాభారం పోయేవాడు తిరుగు ప్రయాణానికి ఇంకాస్త పసరు అడిగి పెట్టుకోవద్దుట్రా?” అనెను. గైడులో ఆ ప్రశ్నయు లేదు, జవాబును లేదు. పుస్తకము మరల తెరవవలసివచ్చెను.