2055 దాకా ప్లాను, ఉగాది దాకా పైసలు

మా మున్సిపాలిటీకి ముందుచూపు లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. 2055లో మా ఊరి జనాభా ఎంతుంటుందో ఇంజినీరింగ్ సెక్షన్ దగ్గర లెక్క సిద్ధంగా ఉంది. అదీ ఒక పద్ధతిలో కాదు, మూడు పద్ధతుల్లో తీసి, అందులో పెద్ద అంకె వచ్చినదాన్ని ఖాయం చేశారు. తలకు రోజుకు 135 లీటర్ల చొప్పున ఎన్ని నీళ్లు కావాలో, ఏ వీధిలో ఎంత లావు పైపు వేయాలో రంగుల మ్యాపులతో సహా డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) ఉంది. ఈ రోజు ఊళ్లో కుళాయిలెన్ని అంటే మాత్రం ఏఈ గారు కాస్త ఇబ్బంది పడతారు. "రికార్డులో ఉన్నవి చెప్పమంటారా, ఊళ్లో ఉన్నవి చెప్పమంటారా సార్?"

డీపీఆర్ ఒక్కటే అనుకునేరు. కొత్త పథకం వచ్చినప్పుడల్లా కొత్త డీపీఆర్ పుడుతుంది. 2005లో చిన్న పట్టణాల కోసం యూఐడీఎస్ఎస్ఎంటీ అన్నారు, ఒకటి రాయించాం. 2015లో అమృత్ వచ్చింది. లక్ష జనాభా దాటిన ఊళ్లకేనన్నారు, మాది దాటలేదు. 2018లో రాష్ట్రంలోని 50 చిన్న పట్టణాల నీళ్ల కోసం బీజింగ్‌లో ఉన్న ఏఐఐబీ అనే బ్యాంకు 40 కోట్ల డాలర్ల అప్పుకు ఒప్పుకుంది. మళ్లీ రాయించాం. 2021లో అమృత్ 2.0 అన్ని పట్టణాలకూ వర్తిస్తుందన్నారు, ఇంకోటి. మొదటి డీపీఆర్ సంపుటాలు ఇప్పుడు ఏఈ గారి మానిటర్ కింద ఎత్తుకు పనికొస్తున్నాయి. అందులో మెయిన్ పైపులైను పోవాల్సిన చోట కల్యాణ మండపం లేచింది. ప్రారంభోత్సవానికి కౌన్సిల్ మొత్తం వెళ్లి భోంచేసి వచ్చింది.

ఇంతకీ డబ్బెవరిస్తారు? 74వ రాజ్యాంగ సవరణ వచ్చాక తాగునీటిని పట్టణాల పనుల జాబితాలో రాశారు. పని వెంటనే వచ్చింది, పైసలు వెనక వస్తాయన్నారు. అమృత్ 2.0లో లక్షలోపు ఊళ్లకు సగం కేంద్రం ఇస్తుంది, మూడు వాయిదాల్లో, 20, 40, 40 శాతం చొప్పున. మిగతా సగంలో రాష్ట్రం వాటా, మా వాటా. కేంద్రం వాయిదా వచ్చేసరికి రాష్ట్రం వాటా ఫైల్లో ఉంటుంది. అదొచ్చేసరికి మా వాటా ఉండదు, ఎందుకంటే అది వీధిదీపాల కరెంటు బిల్లుకు పోయి ఉంటుంది. ఆర్థిక సంఘం గ్రాంటుంది కదా అంటారా? ముందు ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్లో పెట్టమంది. మా అకౌంటెంట్ గారు ఆ రోజు నుంచి సెలవులో ఉన్నారు.

అందరికన్నా అదృష్టవంతుడు ట్యాంకరు. ఆయనకు డీపీఆర్ అక్కర్లేదు, జనాభా లెక్క అక్కర్లేదు, వాటాలూ వాయిదాలూ లేవు. సాగర్ కాలువ కట్టేసి, సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులో బురద తేలగానే ఉగాదికి వేసవి ప్రణాళిక తయారవుతుంది. ట్రిప్పుల తీర్మానం టేబుల్ అజెండాగా వస్తుంది, చదవకముందే పాసవుతుంది. ఏ ట్యాంకరు ఎవరి బావమరిదిదో ఇక్కడ రాయను, ఊళ్లో అందరికీ తెలుసు. ఏటా ఇలా పోసే డబ్బుతో ఆ స్టోరేజ్ ట్యాంకులో పూడిక తీయొచ్చు కదా అని ఓ కుర్ర కౌన్సిలర్ అడిగాడు. "పూడిక తీస్తే మరి వచ్చే వేసవికి ఏం చేస్తాం తమ్ముడూ?" అన్నారు చైర్మన్ గారు. అది హాస్యానికి అన్నదో కాదో నాకిప్పటికీ అర్థం కాలేదు.

జనాన్ని అడిగితే మాత్రం మేం పేదవాళ్లం, కుళాయి పన్ను పెంచితే చచ్చిపోతాం అంటారు. ఐదుగురున్న ఇంటికి 135 లీటర్ల లెక్కన నెలకు 20 కిలోలీటర్లు. నెలకు వంద రూపాయల పన్నంటే కిలోలీటరు ఐదు రూపాయలు. అదే ఇంట్లో తాగేందుకు 20 లీటర్ల డబ్బా పది రూపాయలకు కొన్నా కిలోలీటరు 500 పడుతుంది. వందరెట్లు! డబ్బా కుర్రాడికి రోజూ ఇచ్చేస్తారు. బిల్లు కలెక్టరు వస్తే ఆయన లోపల స్నానం చేస్తున్నారంటారు. నీళ్లే రావడం లేదంటారు, స్నానం ఎలా చేస్తున్నారో!

పైసలకు వేరే దారే లేదా అంటే, ఉంది. పక్క తమిళనాడులో 2002లోనే పదమూడు చిన్న స్థానిక సంస్థలు ఒక్కటై, నీళ్లూ మురుగు పనుల కోసం 30.41 కోట్ల ఉమ్మడి బాండ్లు అమ్ముకున్నాయి. ఒంటరిగా వెళ్తే ఏ మదుపరీ గడప ఎక్కనివ్వని ఊళ్లవి. అయితే వసూళ్లలోంచి అప్పు కంతు ముందే పక్క ఖాతాలో వేయాలి. కమిషనర్ గారు కౌన్సిల్‌కు ఇదంతా ఓపికగా చెప్పారు. "ముందు పక్క ఊరివాళ్లను కాలువలో మన వంతు వదలమనండి, తర్వాత బాండ్లు" అన్నాడొక సీనియర్ కౌన్సిలర్. "అయినా వసూళ్లంటే ఏవి?" అన్నాడు ఇంకొకాయన, నిజంగానే తెలియక.

మొన్నటి సమావేశంలో మూడు అంశాలు. డీపీఆర్‌ను 2057 దాకా పొడిగించేందుకు కన్సల్టెంటు ఫీజు: ఆమోదం. ట్యాంకర్ల బకాయిలు: ఆమోదం, బల్లలు చరుస్తూ. కుళాయి పన్ను సవరణ: ఎన్నికలయ్యేదాకా వాయిదా. ఏ ఎన్నికలో తీర్మానంలో రాయలేదు.